గొర్రె పేగు సంగీతం

పోయిన నెల ఒక ఆదివారం పుట్టపర్తిలో ఒక మాజీ సర్పంచ్ నా దెబ్బకు టేబుల్ కింద దూరినాడు. నేనాయన్ను కొట్టలేదు, తిట్టలేదు. అప్పటికి ఆయన పేరు గూడా నాకు తెలీదు. సంగీతం వాయించినా, అంతే! చెప్తా, కూర్చోండి. నవ్వొచ్చినప్పుడు మాత్రం టీ గ్లాసు కింద పెట్టండప్పా, మొన్న చెప్తాంటే ఒకాయనకు ముక్కులోకి పోయింది.

మాది ధర్మవరం. మా నాయన మగ్గం నేస్తాడు, నేను పట్టుచీరల అంగట్లో కూర్చుంటా. ఇంత మర్యాదైన ఇంట్లో పుట్టి నేను డబుల్ బాస్ వాయిస్తా. తెలీనోళ్ళకు చెప్తాండా: వయొలిన్‌కు బాగా తిండిపెట్టి ఆరడుగులు పెంచితే అది డబుల్ బాస్. నిలబెట్టి, వాటేసుకొని, వేళ్ళతో తీగలు లాగాల. పుట్టపర్తిలో శానా రోజులున్న ఒక ఫారినాయన తిరిగి పోతా పోతా, విమానంలో పట్టదని నాకు అంటగట్టినాడు. అంతకుముందే రెండేండ్లు కూర్చోబెట్టి నేర్పించినాడులే. మా నాయన దాన్ని గాదె అంటాడు. "గింజలన్నా పోసుకుంటే పనికొచ్చు గదరా" అంటాడు.

నాకు జత షాషావలి. వాడిది సాక్సోఫోన్. కదిరి, గోరంట్ల, హిందూపురం, యాడ రిసెప్షనైనా జనం భోజనాలు చేస్తాంటే మేం పక్కన వాయిస్తాం. ఎవరూ వినరు, ఎవరూ తిట్టరు. ఇంతకన్నా సుఖమైన కళాజీవితం యాడన్నా ఉంటాదా? ఆ సుఖమే నాకు ఎక్కువైంది.

ఫోన్లో ఒక వీడియో చూసినా. యాడో చలిదేశంలో గడ్డమాయన ఒకడు కండ్లు మూసుకొని చెప్తాండాడు, స్టీలు తీగల్లో ప్రాణం లేదంట. పాతకాలంలో మాదిరి గొర్రె పేగుతో చేసిన తీగలు వేస్తే అప్పుడు ప్రాణం పలుకుతాదంట. గొర్రె ప్రాణం పోయినాకనే గదా పేగు బయటికొచ్చేది! ఆ మాట నాకు తట్టలేదు. సెట్టు ఆర్డర్ పెట్టేసినా.

పార్సిల్ వచ్చినరోజు మా ఆవిడ వరలక్ష్మి విప్పింది. మెలికలు తిరిగిన పసుప్పచ్చ తాళ్ళు నాలుగు.

"ఏందివి? ఏందో వాసనొస్తాంది."

"గొర్రె పేగులు" అన్నా, గొప్పగా.

ఇంట్లో కోడిగుడ్డు గూడా రానియ్యదు ఆమె. మెల్లగా కింద పెట్టి, పోయి తలస్నానం చేసొచ్చింది. తడిజుట్టుతోనే తీర్పు చెప్పింది. "దేవుని పటాలుండే చోట అది ఉండేందుకు లేదు. పైన రేకుల రూములో పెట్టుకో."

మే నెలలో మా రేకుల రూము సంగతి మీకు చెప్పాల్నా? వడియాలు ఎండబెడితే సాయంత్రానికి పొడైతాయి. నా గాదె ఆడికి చేరింది.

ఆ టైంలోనే షాషావలి సంతోషంగా ఫోన్ చేసినాడు. పుట్టపర్తిలో చెన్నప్ప అని ఒకాయనకు లాడ్జి ఉండాది. కింద కొత్తగా రెస్టారెంట్ తెరుస్తాండాడు. ఓపెనింగ్‌కు మమ్మల్ని వాయించమన్నాడంట. నచ్చితే ప్రతి శనివారం మాకే. డీజేలు వచ్చినాక మమ్మల్ని పిలిచేదే తగ్గిపోయింది. షాషావలి అయితే సాక్సోఫోన్ అమ్మేసి సెల్ రిపేరు నేర్చుకుందామా అని ఆలోచిస్తాండాడు. వాడికి ఆ శనివారాలు శానా అవసరం.

"షాషా, ఈసారి సౌండే వేరే!" అని పేగు తీగల సంగతి చెప్పినా.

"అన్నా, ఇంక పదిరోజులే ఉండాది. ఇప్పుడు మార్చాల్నా?"

"పదిరోజులు చాలు."

అట్ల మొదలైంది నా పేగుల సంసారం. స్టీలు తీగైతే ఇట్ల తాకితే అట్ల పలుకుతాది. ఇది బావిలో చేంతాడు మాదిరి ఉండాది. మెల్లగా లాగితే పలకదు. గట్టిగా లాగితే గిలగిలా కొట్టుకొని పక్కనుండే చెక్కకు తగిలి గురక పెడతాది. పలికినా ఎంతసేపు? ధుమ్ అంటాది, అయిపోయె. సగం మాటలో ఫోన్ కట్టయినట్టు. మూడోరోజుకు నా కుడిచేతి రెండు వేళ్ళూ బొబ్బలెక్కినాయి. అంగట్లో చీర మడత విప్పాలంటే బొటనవేలూ చిటికెనవేలూ పెట్టి విప్పుతాండా. "ఏమన్నా, కొత్త స్టైలా?" అని అడిగింది ఒకామె.

శ్రుతి సంగతి చెప్తే ఏడుపొస్తాది. కొత్త పేగు రబ్బరు మాదిరి సాగుతానే ఉంటాది. పొద్దున శ్రుతి చేసి, మెట్లు దిగి, కాఫీ తాగి పైకి పోతే అది ఇంకో రాగంలో ఉంటాది. ఆ ఎండకు తీగ మీద సన్నగా వెంట్రుకలు లేసినాయి. నాకే తల మీద లేవు, దానికి లేసినాయి.

ఒకరోజు మా నాయన పైకొచ్చినాడు. డెబ్బై ఏండ్లు దారంతో బతికిన మనిషి. తీగను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసినాడు.

"ఇది పట్టు మాదిరేరా. గాల్లో తడిని తాగుతాది, ఎండకు ఎండుతాది. ఈ రేకుల కింద చచ్చిపోతాది. కింద మగ్గం గుంత పక్కన పెట్టు. ఆడ నేలంతా తడి ఉంటాది గదా."

"నాయనా, ఇది చీర కాదు. దీనికి సైన్సుండాది" అన్నా నేను. ఏం పొగరప్పా నాకు! ఆయన మెట్లు దిగి పోయినాడు.

సైన్సు ఏం చెప్పిందో వినండి. గడ్డమాయన ఇంకో వీడియోలో, ఎండిన పేగుకు రెండు చుక్కల బాదం నూనె పూయమన్నాడు. వరలక్ష్మిని అడిగితే, "బాదం నూనె మనింట్లో యాడిది? శెనక్కాయ నూనె ఉండాది, కావాలా?" అనింది. నూనె నూనే గదా! ఆయన చలిదేశానికి రెండు చుక్కలైతే మన ఎండకు ఎంత కావాల? లెక్కేసి ఒక గిన్నెడు పూసినా. తీగలకు, ఆ ఊపులో చెక్కకు గూడా. నిగనిగలాడుతూ ఉండాది! దోసె పోయొచ్చు దాని మీద.

ఆదివారం వచ్చింది. గూడ్స్ ఆటోలో గాదెను పడుకోబెట్టి, దాని పక్కన నేను కూర్చోని పుట్టపర్తికి పోయినా. లాడ్జి దగ్గర దించి, షాషావలి మైకులు సర్దేంతసేపూ లాన్ మీద పడుకోబెట్టినా. పక్కనే వంటోళ్ళు జిలేబీలు వేస్తాండారు. వాసన బాగుండాదే అనుకున్నా. చీమలు గూడా అదే అనుకున్నాయని నాకు తెలీదు.

ఆరుగంటలకు మొదలు. ముందు వరుసలో లాడ్జి ఓనరు చెన్నప్ప, ఆయన పక్కన తెల్లబట్టల మాజీ సర్పంచ్, ఆయన చుట్టూ నలుగురు మనుషులు. వెనక టేబుళ్ళకు ఫారినోళ్ళు ఓ పదిమంది. చెన్నప్ప మంచిమనిషి. నాకు చెమట పడతాందని చూసి, "సార్‌కు గాలి పెట్టండప్పా!" అన్నాడు. ఇద్దరు మనుషులు పెద్ద నీళ్ళ కూలర్ తోసుకొచ్చి సరిగ్గా నా పక్కన పెట్టి ఫుల్లుగా తిప్పినారు. చల్లగా, తుంపర్లతో, హాయిగా ఉండాది. నాకు.

పదిరోజులు ఎండిన పేగులకు ఒక్కసారిగా నీళ్ళగాలి తగిలింది. ఇంక చూడండి! ఒక తీగ పైకి పోతాంది, ఒకటి కిందికి పోతాంది. షాషావలి ఒక శ్రుతిలో ఉండాడు, నేను నాలుగు శ్రుతుల్లో ఉండా. వాడు వాయిస్తా వాయిస్తానే నా దిక్కు చూసినాడు. సాక్సోఫోన్ నోట్లో ఉంది గాబట్టి తిట్టలేదు, కండ్లతో మాత్రం మా వంశాన్నంతా తిట్టినాడు. నేను కుడిచేత్తో వాయిస్తా, సందు దొరికినప్పుడల్లా ఎడమచేత్తో తీగలు బిగించే బిరడాలు తిప్పుతాండా. నూనెకు వేళ్ళు జారిపోతాండాయి. ఒక స్వరానికి పోవాలంటే దాని పక్కింటికి పోయి తగులుతాండా.

అప్పుడు మోచేతి దగ్గర ఏందో చురుక్కుమనింది.

చూస్తే ఎర్రచీమలు! ఒకటా రెండా? లాన్ మీద నుంచి శెనక్కాయ నూనెలో కాపురం పెట్టిన ఊరు ఊరంతా, కూలర్ గాలికి చలేసి, వెచ్చగా ఉండే చోటికి బయల్దేరింది. వెచ్చగా ఉండే చోటంటే నా చొక్కా లోపల. గాదెను వదిలితే కింద పడి పగులుతాది. వదలకుంటే నేను పోతా. రెండు చేతులతో దాన్ని పట్టుకొని, నడుము కిందినుంచి మాత్రం ఎగరడం మొదలుపెట్టినా. ఒక కాలు, ఇంకో కాలు, మల్లా రెండూ. వెనక టేబుళ్ళలో ఫారినోళ్ళు చప్పట్లు కొట్టి తాళం వేస్తాండారు!

"అన్నా, ఏమైందన్నా?" అన్నాడు షాషావలి, ఊదడం ఆపి.

"చీమలప్పా!"

"శ్రుతి చూడన్నా ముందు, శ్రుతి!"

వాడి బాధ వాడిది. సరే అని ఎగురుతానే అన్నిట్లోకీ సన్నతీగ బిరడా పట్టుకొని తిప్పినా. ఇంకొంచెం. ఇంకొంచెం. అదే క్షణంలో మెడ వెనక ఒక చీమ గట్టిగా కరిచింది. చెయ్యి ఒక్కసారిగా పూర్తిగా తిరిగిపోయింది.

ఢాం!

తీగ తెగింది. మామూలుగా తెగితే ఇంత కథ ఉండదు. మైకు తీగ పక్కనే ఉండాది. ఆ మైకు రెండు పెద్ద స్పీకర్లకు ఉండాది. మా సీమలో జనం మధ్య ఢాం అని సౌండొస్తే, అబ్బ, ఏం సంగీతం అని ఎవరూ అనుకోరు గదా. మాజీ సర్పంచ్ ఆ తెల్లబట్టలతోనే టేబుల్ కింద. ఆయన మనుషులు నలుగురూ ఆయన మీద. వంటాయన జిలేబీ గరిటె ఎత్తిపట్టుకొని గోడకు అతుక్కుపోయినాడు. చెన్నప్ప కుర్చీతో పాటు వెనక్కి పడినాడు. ఫారినోళ్ళు మాత్రం ఇంకా చప్పట్లు కొడతానే ఉండారు, ఇది గూడా ప్రోగ్రాంలో భాగం అనుకొని.

టేబుల్ గుడ్డ కిందినుంచి ఒక గొంతు వచ్చింది. "ఎవడప్పా అది?"

"తీగ తెగిందన్నా" అన్నా నేను.

"ఏం తీగ? కరెంటు తీగనా?"

"గొర్రె పేగన్నా."

మాజీ సర్పంచ్ బయటికి తల పెట్టి నన్నూ, గాదెనూ, వేలాడతాండే పేగునూ చూసినాడు. నా పని అయిపోయె అనుకున్నా. నాకన్నా షాషావలి ముఖం చూడలేకపోయినా. వాడు అప్పటికే సాక్సోఫోన్ పెట్టెలో పెడతాండాడు, వాడి శనివారాలన్నీ అదే పెట్టెలో పెట్టి మూసేస్తాండేటట్టు. అప్పుడు మాజీ సర్పంచ్‌కు నవ్వు మొదలైంది. "పేగంటప్పా! పేగుకు భయపడి టేబుల్ కింద దూరినామంట!" అని పొట్ట పట్టుకున్నాడు. ఆయన నవ్వినాక ఆయన మనుషులు నవ్వినారు. వాళ్ళు నవ్వినాక కింద పడినట్లే ఉండి చెన్నప్ప గూడా నవ్వినాడు. షాషావలి ఇదే సందని సాక్సోఫోన్ మల్లా బయటికి తీసి, ఒక్కడే గంటసేపు అద్భుతంగా వాయించినాడు. నేను స్టేజీ వెనక చొక్కా విప్పి దులుపుకుంటాండా.

ఆడికే ఒక తెల్లజుట్టు ఫారినామె వచ్చింది. పదేండ్లుగా ఆ ఊర్లోనే ఉండాదంట, తెలుగు బాగానే మాట్లాడతాది. తెగిన తీగను పట్టుకొని, "ఇది నిజంగా గట్టా, పేగుతో చేసిందేనా?" అనింది. నాకు ప్రాణం లేసొచ్చింది. ఒక్కరన్నా ఉండారే, విలువ తెలిసినోళ్ళు!

"అవునమ్మా, ఒరిజినల్!"

"మా ఆయన ఇదే వాయించేవాడు, మా దేశంలో. ముప్పై ఏండ్లు."

"ఆహా! సౌండు ఎట్ల ఉండేదమ్మా?"

"తెలీదు నాయనా. ఎప్పుడూ శ్రుతి చేస్తానే ఉండేవాడు. స్టీలు తీగలు వచ్చిన రోజు మా వీధిలో అందరికీ కేకులు పంచినాడు" అనింది. నా భుజం తట్టి, మెడ మీద చీమను ఒకదాన్ని తీసేసి పోయింది.

మరుసటిరోజు గాదెను మగ్గం గుంత పక్కన పెట్టినా. మా నాయన పక్కకు జరిగి దానికి చోటిచ్చినాడు. తిట్టింటే బాగుండు. కొత్త తీగ తెప్పించి, రోజుకు అరగంట మెల్లగా వాయిస్తాండా. ఆ తడికి వెంట్రుకలు అణిగినాయి, శ్రుతి పూటంతా నిలబడతాంది. నిజం చెప్పాలంటే ఇప్పుడిప్పుడే బాగుండాది. మగ్గం ఆపి మా నాయన గూడా రవ్వంత వింటాండాడు.

ఇంక శనివారాల సంగతి. నిన్న షాషావలి ఫోన్ చేసినాడు, "అన్నా, వచ్చినాయన్నా! ప్రతి శనివారం మనకే, ఇద్దరికీ!" అని. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. చెన్నప్ప మన కళను గుర్తించినాడు అనుకున్నా. రాత్రికి షాషావలి ఫ్లెక్సీ ఫోటో గూడా పంపించినాడు, లాడ్జి ముందర కట్టింది. పెద్దగా మా ఇద్దరి ఫోటోలు. షాషావలి బొమ్మ కింద "సాక్సోఫోన్: షాషావలి." నా బొమ్మ కింద "కామెడీ: ఓబులేసు."

ప్రింటోడు తప్పు కొట్టినాడేమో అని వెంటనే చెన్నప్పకు ఫోన్ చేసినా.

"తప్పేమీ లేదు సార్" అన్నాడాయన. "మేమే రెండుసార్లు చెప్పి రాయించినాం."