అరగని భయం

దర్జీ దుకాణంలో చొక్కాలకు కాజాలు కుట్టే ఆవిడను అందరూ కాజాలమ్మ అనే పిలిచేవారు. అరవై దాటినా కళ్లద్దాలు లేకుండానే సూదిలో దారం ఎక్కించేది. భర్త పోయాక పెళ్లికాని కొడుకుతో రెండు గదుల ఇంట్లో ఉంటోంది.

కొంతకాలంగా ఆవిడకు తిన్నది అరగడం లేదు. సాయంత్రం నాలుగు ముద్దలు తినేసరికి పొట్ట రాయిలా బిగిసేది. పుల్లటి తేన్పులు గొంతులోకి ఎగదన్నేవి. కారం మానేసింది, పాలు మానేసింది, మనిషి సగమైంది. లోపల ఏదో గడ్డ పెరుగుతోందని గుబులు. పైకి అంటే అదే నిజమైపోతుందేమోనని ఎవరితోనూ అనలేదు.

చివరికి దర్జీ భార్య పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది. గొట్టం వేసి చూశారు.

"పుండు లేదు, గడ్డ లేదు" అంది డాక్టరమ్మ. ఆ మాటకు కాజాలమ్మ మొహం విప్పారలేదు సరికదా, ఇంకా ముడుచుకుపోయింది. డాక్టరమ్మ ఆవిడను తేరిపార చూసింది.

"దుకాణంలో మధ్యాహ్నం తింటారుగా, అప్పుడెలా ఉంటుంది?"

"శుభ్రంగా అరుగుతుందమ్మా."

"అదే కూర, అదే పొట్ట. మరి ఇంట్లో ఏమొచ్చింది?"

దర్జీ భార్య లేచి, తలుపు దగ్గరగా వేసి బయట కూర్చుంది. కాజాలమ్మ సంచి పట్టీ మెలిపెట్టింది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందంటారు కదమ్మా."

"పడనివ్వండి. ఇక్కడ నా కాళ్లు, మీ కాళ్లే ఉన్నాయి."

అప్పుడు చెప్పింది. పని పోయినప్పటి నుంచి కొడుకు ఏ రోజు ఎలా వస్తాడో తెలియదు. ఒకరోజు నవ్వుతూ పక్కన కూర్చుంటాడు. ఇంకోరోజు ఉప్పు తగ్గిందని కంచం గోడకేసి కొడతాడు. మొన్న మణికట్టు పట్టి మెలితిప్పాడు. మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు వింటే చాలు, ముద్ద గొంతులోనే ఆగిపోతోంది.

"కన్నకొడుకంటే భయమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మీరు నోరు కట్టేసుకున్నారు, పొట్ట ఊరుకోలేదు" అంది డాక్టరమ్మ. "మాత్రలిస్తాను. మనసు విప్పి మాట్లాడుకునేందుకు ఇక్కడే ఒకామె ఉంది, వారం వారం రండి. ముందు మాత్రం ఆ ఇంట్లో తినకండి."

సంగతి విని, దుకాణం వెనక గది ఖాళీగానే ఉందంది దర్జీ భార్య. ఇద్దరూ కలిసి బట్టలు తెచ్చుకోవడానికి వెళ్లారు. సంచి సర్దుతుండగానే మెట్ల మీద చప్పుడు. కాజాలమ్మ పొట్టను ఎవరో గుప్పిట పట్టి పిండినట్టైంది. కొడుకు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

దర్జీ భార్య దగ్గరగా జరిగి భుజానికి భుజం ఆనించింది.

"నాకు నువ్వంటే భయంరా" అంది కాజాలమ్మ. "తిండి కూడా దిగనంత భయం."

చెయ్యెత్తుతాడనుకుంది. వాడు తెల్లబోయి చూశాడు. చాలాసేపటికి పక్కకు జరిగాడు. ఇద్దరూ సంచి పట్టుకుని మెట్లు దిగారు.

కొత్త గదిలో మొదట్లో వీధిలో ఎవరు నడిచినా చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. మెల్లమెల్లగా తిండి ఒంటికి పట్టసాగింది. కొడుకు ఏదో పనిలో చేరాడట, అప్పుడప్పుడు దుకాణానికి వస్తాడు. అందరూ చూస్తుండగా, బల్లకు ఇవతల కూర్చునే ఆవిడ మాట్లాడుతుంది. "ఇంటికి రామ్మా" అంటే మాత్రం తల అడ్డంగా ఊపుతుంది. వాడు వచ్చివెళ్లిన పూట దర్జీ భార్య పక్కన కూర్చుంటే తప్ప ముద్ద దిగదు.