కొంగు చూపించిన దొరసాని

మా అమ్మీ పదిహేడేళ్లుగా నిలబడే ఉంది. పొగడ్తకు అంటున్న మాట కాదు. పంజాగుట్టలో ఆమె పనిచేసే చీరల షాపులో సేల్స్ ఆడవాళ్లు కూర్చోకూడదు. కస్టమర్ ఉన్నా లేకపోయినా పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా కౌంటర్ వెనక నిలబడాలి. ఇంటికొచ్చాక ఆమె మోకాళ్లకు నూనె రాసే పని నాది. రాస్తూ ఆ షాపును నేను తిట్టని తిట్టు లేదు. అమ్మీ మాత్రం "జర మెల్లగ రుద్దు అర్జూ" అంటుంది, అంతే.

ఆమె పేరు లతీఫా. వయసు యాభై ఒకటి. అమీర్‌పేటలో రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే ఉంటాం. చీర మడత విప్పి, ఒక్క విసురుతో కొంగును భుజం మీద పరిచి అంచు చూపించడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు కూడా ఆ విసురు చూసి ఇంకో చీర విప్పమంటారు.

పోయిన వేసవిలో షాపులో వీడియో కౌంటర్ పెట్టారు. బయటి దేశాల్లో ఉన్న కస్టమర్లకు ఫోన్‌లో చీరలు చూపించే పని. అక్కడ ఒక కుర్చీ ఉంది. అమ్మీ కన్ను ఆ కుర్చీ మీద పడింది. కానీ ఆ కౌంటర్‌కు ఇంగ్లీషు కావాలి. ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చేది ఫ్లోర్ ఇన్‌చార్జ్ సంగీత మేడం.

అమీర్‌పేటలో ఇంగ్లీషుకు కరువేముంది, గోడకో బోర్డు. నేను డయాగ్నస్టిక్ సెంటర్‌లో రక్తం తీసే పనికి ఆరింటికే వెళ్లిపోతాను. నేను అటు వెళ్లగానే అమ్మీ ఇటు ఏడింటి బ్యాచ్‌కు వెళ్లేదట. ఆ సంగతి నాకు తెలియదు. నవీన ఆంటీకి తెలుసు.

నవీన ఆంటీది అమ్మీ పక్క కౌంటర్. ఇన్నేళ్లూ మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఒకరి డబ్బాలోది ఒకరు తిన్నారు. నాకు డెంగీ వస్తే ఆంటీ ఎల్లమ్మకు మొక్కింది. ఆమె కొడుకు విక్రమ్‌కు ఉద్యోగం వస్తే అమ్మీ దర్గాలో చాదర్ కప్పి వచ్చింది.

బల్కంపేటలో బోనాల రోజు షాపుకు సెలవు. ఆంటీ ఇల్లు అక్కడే. మమ్మల్ని, సంగీత మేడంను భోజనానికి పిలిచింది. మాకోసం విడిగా బగారన్నం, వంకాయ కూర వండింది. తిన్నాక లేద్దామంటే వీధిలో కాలు పెట్టే సందు లేదు. జనం తగ్గేదాకా ఆడుదామని విక్రమ్ తన ఆఫీసులో ఆడే కార్డుల డబ్బా ఒకటి తెచ్చాడు.

వింత ఆట అది. ఒక్కొక్కరికి ఒక దొరల కుటుంబాన్ని పంచుతారు. ఇందులో బాగుపడ్డవాళ్లు ఓడిపోతారు, నాశనమైనవాళ్లు గెలుస్తారు. మనవాళ్లకు మనమే కార్డు మీద కార్డు వేసి కష్టాలు పెట్టాలి, ఆ కష్టం ఎలా వచ్చిందో కథ చెప్పాలి, బాగా ఏడిపించాక చంపేయాలి. చచ్చినవాళ్ల జోలికి ఇంకెవరూ రాకూడదు. ఎవరి కథకు నవ్వు ఎక్కువ వస్తే వాళ్లకు ఎక్కువ మార్కులు.

అమ్మీకి ఆట తొందరగానే పట్టుబడింది. "మా ముసల్దొరసాని మేనల్లుని పెండ్లి దావత్‌కు పోయింది. బిర్యానీల ఆమెకు ఒక్క ముక్క రాలే. గా ఫికర్‌తోనే మంచం పట్టింది" అంది. విక్రమ్ పడీపడీ నవ్వాడు. అమ్మీ అంత సరదాగా ఉండటం చూసి చాలా రోజులైంది. నాకు సంతోషమేసింది.

తర్వాత ఆంటీ వంతు. ఆమె తీసిన కార్డు మీద 'నలుగురిలో నవ్వులపాలు' అని ఉంది. కాసేపు ఆలోచించి, లేచి నిలబడింది.

"మా దొరసానికి లేటు వయసుల ఇంగ్లీషు మీద మోజు పుట్టింది. ఇంట్ల చెప్పకుండ క్లాసుకు పోయింది. అందరు ఇరవై ఏండ్ల పోరగాండ్లు. సారు లేపి, నీ గురించి రెండు నిమిషాలు చెప్పమన్నడు. పేరు చెప్పింది. ఇంక మాట రాలే. వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే. 'వెల్‌కమ్ మేడం, న్యూ స్టాక్, కలర్ గ్యారంటీ' అనుకుంట..." అని ఆంటీ తన కొంగు తీసి, ఒక్క విసురుతో భుజం మీద పరిచి అంచు చూపించింది.

అందరం పగలబడి నవ్వాం. నేనూ నవ్వాను. కథ నడుస్తున్నంతసేపూ అందరికంటే గట్టిగా నవ్వింది అమ్మీయే. ఆ విసురు చూశాక ఆగిపోయింది.

"అమ్మా, గిది నిజంగ జరిగిందా?" అన్నాడు విక్రమ్.

"నిజం కాకుంటే గింత మంచిగ ఎట్ల వస్తది?" అంటూ ఆంటీ అమ్మీ వైపు చూసింది. ఆ చూపు వెంట సంగీత మేడం చూపు కూడా వెళ్లింది. "ఎవరు, లతీఫక్కనా?" అంది మేడం, ఇంకా నవ్వుతూనే.

వంతు తిరిగి అమ్మీకి వచ్చింది. ఆమె చావు కార్డు తీసి తన ముసలి దొరసాని మీద పెట్టింది.

"కథ చెప్పాలె ఆంటీ, ఎట్ల చచ్చిపోయింది?" అన్నాడు విక్రమ్.

"ఉట్టిగనే చచ్చిపోయింది" అంది అమ్మీ.

ఆట ఆంటీ గెలిచింది. జనంలో ఒకరినొకరం పట్టుకుని ఇంటికి నడిచాం. నాకు మొదట కోపం వచ్చింది అమ్మీ మీద. నెలన్నర నాకు చెప్పకుండా, పక్క కౌంటర్ మనిషికి చెప్పుకుందని. ఆమె నవ్వు సగంలో తెగిపోవడం గుర్తొచ్చాక ఆ కోపం ఉండాల్సిన చోటికి, ఆంటీ మీదికి వెళ్లింది.

వారానికి సంగీత మేడం అమ్మీని పిలిచింది. "నువ్వు గంత తిప్పలు పడకు లతీఫక్కా. నవీన ఇంటర్ చదివింది గదా, వీడియో కౌంటర్ ఆమె చూసుకుంటది" అంది. ఆంటీ మెట్ల దగ్గరికి వచ్చి, "ఆటల చెప్పిన ముచ్చటనే గదా అక్కా, నీ పేరు తీసిన్నా?" అంది. అమ్మీ తన డబ్బా మూత పెట్టి లేచి వచ్చేసింది. ఆ రోజు నుంచి ఒక్కతే తింటోంది. ఆంటీ కావాలనే చెప్పిందో, గెలిచే ఉత్సాహంలో నోరు జారిందో నాకు తెలియదు. కుర్చీ ఇస్తామంటే వద్దనలేదు. అది మాత్రం తెలుసు.

అమ్మీ క్లాసు మానలేదు. వీడియో కౌంటర్‌లో కూర్చునేది ఆంటీ, ఫోన్ ముందు నిలబడి చీర పరిచి చూపించేది అమ్మీ. ఆ విసురు షాపులో ఇంకెవరికీ రాదు మరి.

మొన్న ఫోన్‌లో ఒక అమ్మాయి ఏదో ఇంగ్లీషులో అడిగిందట. ఆంటీ "ఎస్ మేడం, ఎస్ మేడం" అంది. ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. మళ్లీ ఎస్ మేడమే. ఆంటీ తల తిప్పి అమ్మీని చూసింది. అమ్మీ చీర పట్టుకుని కదలకుండా నిలబడింది. అవతల ఫోన్ పెట్టేశారు. అమ్మీ చీర మడతపెట్టింది.

రాత్రి నూనె రాస్తుంటే ఇదంతా చెప్పింది. "ఆ పిల్ల ఏమడిగిందో నీకు అర్థమైందా అమ్మీ?" అన్నాను.

"అయింది. లైటు కొడుతుంది, రంగు కనిపిస్తలేదు, జర పక్కకు పట్టమన్నది."

"మరి నవీన ఆంటీకి చెప్పలేదేం?"

అమ్మీ రెండో కాలు నా వైపు చాపింది.

"ఒకసారి చెప్పిన గదా బేటా ఆమెకు" అంది.