ఒక్క గడీ ఖాళీ లేని ఫారం

2008 ఆగస్టులో డాన్సు పోటీకి మా నాచారం ఆడపిల్లల జూనియర్ కాలేజీ నుంచి ఎనిమిది మందిని పంపాల్సి వచ్చింది. నేను లెక్కల లెక్చరర్‌ని. డాన్సు గురించి నాకేమీ తెలియదు. కాగితాలు సరిగ్గా ఉంచుతానని ప్రిన్సిపాల్ ఆ పని నాకు అప్పజెప్పారు.

స్టెప్పులన్నీ సెకండియర్ పిల్ల ఒకతి కూర్చింది. క్లాసులో నోరు విప్పేది కాదు. మధ్యాహ్నం మెట్ల కింద మిగతా ఏడుగురికి నేర్పేటప్పుడు మాత్రం, "ఏందే, రొట్టెలు కొడుతున్నవా? చెయ్యి జర మెల్లగ తిప్పు" అని అందర్నీ నవ్విస్తూ దిద్దేది. ముందు వరుసలో, నడిమధ్యన తనే.

పోటీ పెట్టింది ఒక షాంపూ కంపెనీ. ఉప్పల్‌లో ఫంక్షన్ హాలు, స్టేజి, పిల్లలకు టీషర్టులు అన్నీ వాళ్లవే. బదులుగా అడిగింది పిల్లకొక ఫారం: పేరు, పుట్టిన తేదీ, ఇంట్లో సెల్ నంబరు.

పన్నెండో తేదీ మంగళవారం ఫారాలు తీసుకున్నాను. ఆ పిల్ల రెండు గళ్లు వదిలేసింది.

"ఇవెందుకు రాయలేదు?"

"ఫోను బాపు దగ్గరుంటది మేడం. రాయకుంటె నడవదా?"

"ఫారం అన్నాక నింపాలి" అన్నాను. అడ్మిషన్ రిజిస్టరు తెరిచి పుట్టిన తేదీ, తండ్రి నంబరు నా చేత్తోనే రాశాను. అంకెలు రెండుసార్లు సరిచూశాను.

పద్దెనిమిది సోమవారం పిల్ల వచ్చింది. పంతొమ్మిదిన రాలేదు. ఇరవైన కూడా రాకపోతే సాయంత్రం ఇంటికి వెళ్లాను. తండ్రి పైపుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నాకు కుర్చీ వేసి తను నిలబడే మాట్లాడాడు.

"సోమారం క్యాంటీన్ల తింటున్న మేడం. ఎవడో పిలగాడు ఫోన్ జేసిండు. మా బిడ్డ పేరు పెట్టి అడిగిండు. హ్యాపీ బర్త్‌డే చెప్పాల్నంట. మిషన్ల సప్పుడుకు ఇనబడక స్పీకర్ పెట్టిన. బల్లకాడ అందరు ఇన్నరు. 'ఏం మామా, అల్లుడు దొరికిండా? పప్పన్నం ఎప్పుడు?' అని ఇయ్యాల్టిదాంక అంటనే ఉన్నరు. బిడ్డ పుట్టినరోజు నాకే యాదిలేదు. వానికెట్ల తెలుసు?"

"నేను రాసిచ్చాను. అది డాన్సు పోటీ పెట్టిన కంపెనీ వాళ్ల ఫోను. మీ నంబరు, ఆ తేదీ రెండూ నేనే రాశాను."

"మీరు జెప్తె నమ్ముత మేడం. గని క్యాంటీనంత తిరిగి చెప్తరా? చదువుకు పంపుత. డాన్సు మాత్రం వద్దు."

పిల్ల తలుపు దగ్గర నిలబడి అంతా వింది. నా వైపు చూడలేదు.

ఇరవై మూడు శనివారం ఏడుగురే ఆడారు. వరుసలు మార్చుకునే వ్యవధి లేదు. ముందు వరుస మధ్యలో ఒక మనిషి పట్టే చోటు అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల తిరగాల్సిన చోట ఇద్దరు అటు చూసి అడుగు తప్పారు. బహుమతి రాలేదు.

నా పక్కన కూర్చున్న వేరే కాలేజీ లెక్చరర్‌ని ఫారాల గురించి అడిగాను. "ఉట్టి పేర్లే రాసి ఇచ్చినం. అవన్ని ఎవరు చూస్తరు మేడం?" అంది. వాళ్ల పిల్లలు పన్నెండు మందీ ఆడారు.

కంపెనీ టీషర్టు వేసుకున్న అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "మీ కాలేజీ ఫారాలే మంచిగున్నయ్ మేడం. ఒక్క గడి గూడ ఖాళీ లేదు" అని షాంపూ డబ్బా చేతిలో పెట్టింది.

"వాటిలో ఒకటి తీసెయ్యమ్మా."

"అన్నీ హెడ్డాఫీసుకు పోయినయ్ మేడం. కంప్యూటర్ల ఎక్కిచ్చిన్రు. ఇగ నా చేతుల లేదు."

మరుసటి ఏడు ఆ పిల్ల పుట్టినరోజు, ఆగస్టు పద్దెనిమిది, మంగళవారం వచ్చింది. ఫ్యాక్టరీలో భోజనాల వేళకు స్టాఫ్ రూములో గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆ నంబరు నాకు నోటికొచ్చు. ఇవాళ ఒక్క పూట ఫోను కట్టేసి పెట్టుకోండని ముందే చెబుదామని సెల్ చేతిలోకి తీసుకున్నాను. నేను చేసినా, అది మోగేది ఆ బల్ల దగ్గరే.