రాణి వేషం చేతులు మారిన ఏడు

మా మేనత్త పోయిన కబురు సోమవారం పొద్దున పామిడి బస్సు కండక్టరు తెచ్చాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "మీ అత్త పోయిందమ్మా. తెల్లారేసరికి ఊపిరి లేదంట" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. చెయ్యి మాత్రం గొంతు మీదికి పోయింది.

మాది ఊరూరా తిరిగే నాటక సమాజం. వేరుశనగ కాయలు ఇళ్లకు చేరినాక బయలుదేరి, మళ్లీ చినుకు పడేదాకా గార్లదిన్నె, పామిడి, రాప్తాడు చుట్టుపక్కల పల్లెల్లో ఆడేవాళ్లం. వాన రాని ఏళ్లలో ఆ తిరుగుడుకు అంతుండేది కాదు. సమాజం మా మామది. రాణి వేషం అత్తది. నేను ఆమె పక్కన చెలికత్తెను. ఏం నాటకమని జనం అడిగేవాళ్లు కాదు, "ఆయమ్మ వస్తాండాదా?" అని అడిగేవాళ్లు.

రంగు పూసుకునే ముందు అత్త నాలుగు మిరియాలు నమిలేది. పూసుకున్నాక నా వైపు తిరిగి, "చూడు పాపా, నేనింకా కనపడతాండానా?" అనేది. "లేదత్తా, రాణే ఉండాది" అంటే గానీ లేచేది కాదు.

ఒక ఏడు, బయలుదేరబోయే ముందు, మామ అందరినీ కూర్చోబెట్టి, "ఈసారి రాణి వేషం పాప కడతాది" అన్నాడు. అత్త తలెత్తకుండా చీరలు మడత పెడుతోంది. హార్మోనియం వాయించే పెద్దాయన ఒక్కడే, "ఆయమ్మ లేకుంటే జనం నిలుస్తారా?" అన్నాడు. మామ లేచి బండి సర్దడానికి పోయాడు.

నాటకంలో ముఖ్య వేషధారి మారితే ఏదో గొడవ జరిగిందనే అనుకుంటారు. ఒకామెకు పెళ్లవుతుంది, ఒకామె కాన్పుకు పోతుంది, ఇంకొకామెను మరో సమాజం వాళ్లు పిలుచుకుంటారు. కారణాలు తెర వెనకే ఉండిపోతాయి. వయసు మళ్లిందని అత్తను మామే పక్కన పెట్టాడని మా వాళ్లే గుసగుసలు పోయారు. నా దిగులు వేరు. జనం లేచిపోతే సమాజం మూతపడుతుంది. దాన్ని నమ్ముకున్న ఇళ్లన్నీ పస్తులుంటాయి.

మొదటి ఆట గార్లదిన్నె దగ్గర ఒక పల్లెలో. తెర లేచింది. నేను రెండడుగులు వేశానో లేదో వెనక వరసల్లో అలికిడి మొదలైంది.

"ఈ పిల్ల ఎవురప్పా? మా రాణెమ్మ యాడ?"

కొందరు తువ్వాళ్లు దులుపుకుని లేచారు. నోటిదాకా వచ్చిన పద్యం ఆగిపోయింది. అప్పుడు పక్క తెరలోంచి అత్త వచ్చింది, చెలికత్తె వేషంలో. ఆ వేషానికి మేం వేరే అమ్మాయిని తయారు చేసుకున్నాం. అత్త జనం వైపు చూడలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి, వంగి నా కాళ్లకు మొక్కింది.

"అమ్మా, ఏం సెలవు?" అంది. గొంతు బొంగురుగా ఉంది.

ముందు వరసలో ఒక ముసలాయన, "ఆయమ్మే మొక్కినాక మనదేముందప్పా, కూచోండి" అన్నాడు. లేచినవాళ్లు కూర్చున్నారు. పద్యం ఎలా ఎత్తుకున్నానో నాకిప్పటికీ తెలియదు.

ఆట అయినాక, "ఎందుకత్తా ఇట్ల చేసినావు?" అని అడిగాను.

"గొంతులో గడ్డ ఉండాదంట పాపా. అనంతపురం డాక్టరు చెప్పినాడు. పాడితే మాట గూడా పోతాదంట."

"అందురూ మామను తిట్టుకుంటాండారు. చెప్పొచ్చు కదా?"

"చెప్తే జనం జాలితో చూస్తారు. అట్ల చూపించుకునేది నాతో కాదు. మీ మామకు నేనే ఒట్టు పెట్టినా." నా ముఖం మీది రంగు తుడుస్తూ నెమ్మదిగా అంది: "నాకు ముందు ఈ వేషం ఇంకొకామె కట్టింది. రేపు నీ తర్వాత ఎవురో కడతారు. ఉన్నన్నాళ్లూ బాగా చూసుకో."

పాడడం మానినా మాట దక్కలేదు. ఏడు తిరిగేసరికి గొంతు పూర్తిగా పోయింది. అయినా ఆమె ఆటకు రావడం మానలేదు. ప్రతి ఏడూ బయలుదేరే ముందు నేను వాకిట్లోనే నిలబడేదాన్ని. ఆమె బండెక్కడం చూశాకే నేనూ ఎక్కేదాన్ని.

కిందటి ఎండాకాలం రాప్తాడులో పద్యం మధ్యలో నాకు చరణం తప్పింది. కళ్లు జనంలో ఆమెను వెతికాయి. ఆడవాళ్ల మధ్య, ఎవరి బిడ్డనో ఒళ్లో పెట్టుకుని, అత్త శబ్దం లేకుండా ఆ పద్యమే పాడుతోంది. ఆ పెదవులు చూసి చరణం అందుకున్నాను. ఒళ్లో బిడ్డ మాత్రం నా వైపు చూడలేదు. తలెత్తి, కదులుతున్న ఆమె నోటి వైపే చూస్తూ, పాట వినబడుతున్నట్టు చెవి ఒగ్గింది.