ఎరుపును ఎవరూ తయారు చేయలేరు

ఆ రోజుల్లో నాకు తెలియనిది కూడా లోకంలో ఉంటుందని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి. తాతలనాటి సంగతేమీ కాదు, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేసిన కాలమే. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసై, ప్రొద్దుటూరులో షాపుల బోర్డులు రాసుకునేవాణ్ణి (ఫ్లెక్సీలు వచ్చాక రాయడం తక్కువ, ఈగలు తోలుకోవడం ఎక్కువ). అప్పుడు జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో, ఎలిమెంటరీ స్కూల్లో బొమ్మల సారు పని దొరికింది. అదీ ఒక్క ఏడాదికే. ఏడాది చివర మండల ఆఫీసరు వచ్చి చూసి, పిల్లలకు ఏదో వచ్చిందని ఒక వాక్యం రాస్తే ఇంకో ఏడాది ఉంటాను. రాయకపోతే మళ్ళీ ఈగలే. మా నాయన అప్పటికే 'మావాడు స్కూల్లో సారు' అని చెప్పుకుంటూ నాకు పిల్లను వెతుకుతున్నాడు. కాబట్టి నా పరువూ పెళ్ళీ రెండూ ఆ ఒక్క వాక్యం మీదే వేలాడుతున్నాయి.

స్కూల్లో రంగులు లేవు. ఉన్న ఒక్క చాక్‌పీసుల డబ్బాను పెద్దసారు బీరువాలో పెట్టి తాళం వేసేవాడు (హెడ్మాస్టరును ఊరంతా పెద్దసారనే పిలిచేది). నేను వెనక్కి తగ్గే రకమా? ఇళ్ళ నుంచి తలా ఒకటి తెమ్మన్నాను. పసుపు, కుంకుమ, బట్టలకు వేసే నీలిమందు, బొగ్గుపొడి, సున్నం వచ్చాయి. టెంకాయ చిప్పలు గిన్నెలయ్యాయి, కొస నమిలిన వేపపుల్లలు కుంచెలయ్యాయి, వరండాలో పరిచిన నాపరాళ్ళు కాగితాలయ్యాయి. మొదటి వారమే ముప్పైమంది చేతా నోటుబుక్కుల్లో రాయించాను: 'ఎరుపు, పసుపు, నీలం మూల రంగులు. వీటిని ఎవరూ తయారు చేయలేరు.' పసుపులో నీలిమందు కలిపించి ఆకుపచ్చ చూపించిన రోజు పిల్లలు నోళ్ళు తెరిచారు. ఆ తెరిచిన నోళ్ళను చూసి నేను జానెడు పొడుగు పెరిగాను.

తరువాతి పాఠం లేత రంగులు. ఏ రంగులోనైనా తెలుపు కొద్దికొద్దిగా కలుపుతూ పోతే అది లేతబడుతుంది. నీలిమందులో సున్నం కలిపి చూస్తే చక్కగా ఆకాశం రంగు వచ్చింది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు కదా అని మిగతావి కలిపి చూడలేదు. ఆఫీసరు వచ్చే రోజు పిల్లలు నాపరాయి మీద తలా ఒక చామంతి పువ్వు వేయాలి, బయటి రేకులు ముదురు పసుపు, లోపలికి పోయేకొద్దీ వెన్న రంగు. పసుపులో సున్నం కలపాలని నేను చెబుతుండగా మూడో తరగతి పిల్ల ఒకతి లేచి నిలబడింది. ఏ మాటైనా 'మా అవ్వ' లేకుండా మాట్లాడేది కాదు కాబట్టి నేను ఆ పిల్లను 'అవ్వా' అనే పిలిచేవాణ్ణి. "సార్, పసుపులో సున్నం ఎయ్యగూడదు సార్. ఎర్రగయితాది. మా అవ్వ ఏస్తాది గదా," అంది. నేను నవ్వి, "పసుపూ తెలుపూ కలిస్తే లేత పసుపే వస్తుంది. ఇక్కడ సారు నువ్వా, నేనా?" అన్నాను. "మీరే సార్," అని కూర్చుంది. (అంత నిజాయితీగా ఒప్పుకున్న మనిషిని మళ్ళీ చూడలేదు.)

ఆఫీసరు రానే వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, చంకలో రిజిస్టరు. "కానీప్పా, చూస్తాం," అని కుర్చీలో కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని మూల రంగుల మీద ఒక ఉపన్యాసం దంచాను. ఎరుపును బ్రహ్మదేవుడు కూడా కలిపి తయారు చేయలేడన్నాను. తరువాత, "పిల్లలూ, పసుపులో సున్నం కలపండి, వెన్న రంగు చూపిద్దాం," అన్నాను. ముప్పై వేపపుల్లలు గిరగిరా తిరిగాయి. ముప్పై చిప్పల్లోనూ నెత్తురు లాంటి ఎరుపు వచ్చింది. నాకు జ్వరం తగ్గినప్పుడల్లా, పరీక్ష పాసైనప్పుడల్లా మా అమ్మ గడపలో నిలబెట్టి పళ్ళెంలో ఎర్రనీళ్ళు తిప్పి వీధిలో పారబోసేది. అవి ఎర్రగా ఎలా అయ్యాయని ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు, రంగుల సారును.

"ఏందప్పా ఇది? వెన్న రంగంటివే," అన్నాడు ఆఫీసరు. పెద్దసారు వరండా అవతలికి చూడటం మొదలుపెట్టాడు. అప్పుడు మా మూడో తరగతి అవ్వ చిప్ప పట్టుకుని ముందుకొచ్చింది. "దిష్టి నీళ్ళు సార్. మీరు దూరం నుంచి వచ్చినారు గదా. తూర్పుకు తిరిగి నిలబడండి సార్." పెద్దసారు వెంటనే అందుకున్నాడు: "అవును సార్, మా పిల్లోళ్ళకు పెద్దోళ్ళంటే శానా మర్యాద." ఆఫీసరు లేచి తూర్పుకు తిరిగాడు. ముప్పైమంది వరుసగా వచ్చి మూడేసి సార్లు తిప్పారు. చేతులు అందని ఒకటో తరగతి వాళ్ళను పెద్దసారే ఎత్తి పట్టుకున్నాడు. ఆపమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అయిపోయేసరికి ఆ తెల్లచొక్కా హోలీ ఆడి వచ్చినట్టుంది.

బండి ఎక్కబోతూ నన్ను పక్కకు పిలిచాడు. "ఆ పాప నిన్ను కాపాడింది. నాకు తెల్దనుకోవద్దు. మా ఇంట్లో గూడా దిష్టి తీస్తారు. ముందే ఎవురూ చెప్పలేదా నీకు?" అన్నాడు. "ఆ పాపే చెప్పింది సార్," అన్నాను. "చెప్తే ఇనకపోతివా?" ఆ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. ఆయన, "పిల్లోళ్ళ బుక్కులన్నీ దిద్ది నాకు తెచ్చి చూపీ. అప్పుడు రాస్తా," అని వెళ్ళిపోయాడు.

మరునాడు పిల్లల ముందు తప్పు ఒప్పుకున్నాను. 'మూల రంగు అంటే ఇంకేదో ఉంది, పసుపు సున్నంతో ఎర్రబడటం వేరే సంగతి' అని ఏదో నసిగాను గానీ, అవ్వ చెయ్యెత్తి, "కుంకుమ గూడా పసుపుతోనే చేస్తారంట సార్," అనేసరికి నోరు మూసుకుని దిద్దడానికి కూర్చున్నాను. ముప్పై బుక్కుల్లో ముప్పై సార్లు నేను చెప్పించి రాయించిన వాక్యాన్నే కొట్టేసుకుంటూ పోయాను. చివరికి అవ్వ బుక్కు వచ్చింది. 'ఎరుపును ఎవరూ తయారు చేయలేరు' అన్న అర్థం వచ్చే నా వాక్యం కింద, మొదటి వారంలోనే, పెన్సిలుతో వంకర అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: 'మా అవ్వ చేస్తాది.' దాని మీద పెద్ద ఇంటూ గుర్తు, పక్కన నా సంతకం. చదవకుండానే కొట్టేశానన్నమాట. నా గుర్తును నేనే కొట్టేసి, రైటు పెట్టి, మళ్ళీ సంతకం చేశాను. జమ్మలమడుగు ఆఫీసులో ఆయన మిగతా బుక్కులు తిరగేయలేదు. ఆ ఒక్క పేజీ చూసి నవ్వి, రిజిస్టరు తీసి రాశాడు.

ఇప్పుడు పులివెందులలో అదే రంగుల పాఠం చెబుతున్నాను. ఏ పిల్ల చెయ్యెత్తినా సుద్దముక్క కింద పెట్టి వింటాను. అప్పుడప్పుడు ఆ ఇరవై నాలుగేళ్ళ సారు గుర్తొస్తాడు. బ్రహ్మదేవుడి తరఫున కూడా తనే మాట్లాడేవాడు, పాపం. నవ్వొస్తుంది, కొంచెం అసూయగా కూడా ఉంటుంది. అంత నమ్మకంగా నేను మళ్ళీ ఏ పాఠమూ చెప్పలేకపోయాను.