అమెరికా ఏట్లో మా రేవు కేక

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మడానికి వీల్లేదు కూడా, ఎందుకంటే మా ఊళ్లో తిరిగిన దెయ్యాల్లో సగం నేను తయారుచేసినవే. తాటిమట్టకి తెల్ల లుంగీ కట్టి గట్టు మీద నిలబెట్టడం, పోయిన పెద్దమనిషి గొంతుతో ఆయన అల్లుణ్ణి కేకెయ్యడం, ఇవన్నీ నా పనులే. మిఠాయి కొట్టువాడికి జిలేబీ మీద ఎంత మోజుంటుందో నాకు దెయ్యాల మీద అంత భయం.

అందుకే ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. చదివి మా ఊరివాళ్లు నవ్వుతారు. నవ్వుకోండి. నేను చూసిందీ, మా మేనకోడలు చెప్పిందీ రాస్తాను, ఇంకేమీ కలపను.

నేను గోదావరి పాయ మీద పడవ నడుపుతాను. గట్టు మీదున్న మా ఊరికీ, ఏటి మధ్యనున్న లంకకీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిప్పుతాను. చదువు ఎనిమిదో తరగతి దగ్గర నన్ను దింపేసి తన దారిన తను వెళ్లిపోయింది. నా పడవలో కూలీలు, టీచర్లు, అరటి గెలలు, మోటారు సైకిళ్లు, అప్పుడప్పుడూ గేదెలు ఎక్కుతాయి. నా జోకుల్ని మర్యాదగా వినేది గేదెలే.

మా తాతకాలం నుంచి మా ఇంట్లో రేవు పద్ధతి ఒకటుంది. అవతలి ఒడ్డు నుంచి ఎవరైనా 'పడవో' అని కేకేస్తే పలకకుండా ఉండకూడదు. ఏటి ఒడ్డున నిలబడ్డ మనిషిని గాలికొదిలేసినవాడు పడవవాడు కాదనేవాడు తాత. కానీ పలికేముందు 'ఎవరండీ, ఏ ఊరండీ' అని అడగాలి. పేరు చెప్పాకే 'వస్తున్నా' అనాలి. ఒకసారి వస్తున్నా అన్నాక వానైనా వరదైనా వెళ్లి తీరాలి. మేం లూథరన్ చర్చి వాళ్లం, ఆదివారం ప్రసంగంలో విన్నవి సోమవారానికి మర్చిపోతాం గానీ, ఇది మాత్రం ఇంట్లో చంటిపిల్లలకి కూడా వచ్చు.

మా అక్క రూతమ్మ టీచరు. బావ కువైట్‌లో ఉంటాడు. వాళ్లమ్మాయి షారోన్ చిన్నప్పుడు బడి లేనప్పుడల్లా నా పడవలోనే ఉండేది. అవతల ఎవరైనా కేకేస్తే నాకన్నా ముందు అదే పలికేది.

అలాంటి పిల్ల అమెరికాలో మిస్సిసిపీ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో కేథలిక్ హైస్కూలుకి చదవడానికి వెళ్లింది. ఊరి పేరు రాయను, పిల్ల ఇంకా అక్కడే ఉంది. మన ఆత్రేయపురమంత కూడా ఉండదట. ఊళ్లో పిల్లలు తగ్గిపోతే ఆ స్కూలు వేరే దేశాల పిల్లల్ని తెచ్చుకుంటోంది. మన దగ్గర బడి మూతపడకుండా మేష్టారు పక్క ఊళ్లకి వెళ్లి పిల్లల్ని బతిమాలి తెచ్చుకోడా, అలాగన్నమాట. వీళ్లు కొంచెం దూరం వెళ్లారంతే. ఫీజు సగానికి తగ్గించారు, ఉండడానికి ఒక ముసలి దంపతుల ఇల్లు చూపించారు. అదే ఇంట్లో, అదే గదిలో హాన్ అని ఒక వియత్నాం అమ్మాయి కూడా ఉంటుంది. ఆ పిల్లదీ నది డెల్టాయే.

మొదట్లో అంతా సరదాగానే ఉంది. గళ్ల స్కర్టు యూనిఫాం వేసుకుని ఫోటోలు పంపింది. వారం మధ్యలో స్కూలు చర్చిలో పూజకి కూర్చోవాలట, శిలువ గుర్తు వేసుకోవడం కూడా నేర్చుకుందట. మా అమ్మకి చెబితే, మనవరాలు మతం మారిపోతుందేమోనని భోజనం మానేసింది. శుక్రవారాలు స్కూలు వంటగదిలో అందరికీ చేపలు వేయిస్తారని చెప్పాకే అమ్మ ఆ మతాన్ని క్షమించింది.

స్కూలు నుంచి ఇంటికి ఏటిగట్టు మీదగా నడిచి వస్తారు. ఇక్కడి గట్టులాగే ఉంటుందట, గట్టు కింద రాతి మెట్లు, మెట్లు దిగితే ఎర్రనీళ్లు. నీళ్ల రంగు చూసి బెంగ తీరేదని చెప్పింది.

వాళ్లకి సాయంత్రమైనప్పుడు మనకి తెల్లవారుతుంది. కిందటేడు వరద తీశాక, అక్టోబరులో ఒకరోజు పొద్దున్నే నేను ఇంజిన్‌లో డీజిల్ పోస్తుంటే షారోన్ ఫోన్ చేసింది. ఒకటే నవ్వు.

"మావయ్యా, బాగుంది గానీ, ఆ స్పీకరు ఎవరిచేత పెట్టించావు?"

ఏం స్పీకరన్నాను. గట్టు మీద నడుస్తుంటే ఏటికి అవతలి నుంచి 'పడవో... ఓ పడవో' అని మన రేవు కేక వినబడిందట. చివర్లో గొంతు తెంపేస్తారే, అచ్చం ఆ తెంపుతో సహా. అలవాటు కొద్దీ ఇది వెనక్కి తిరిగి, "వస్తున్నా, ఉండండీ" అని అరిచిందట. అరిచాక గుర్తొచ్చిందట తనెక్కడుందో.

నేను కాదమ్మా అన్నాను.

"నువ్వు కాదంటే కచ్చితంగా నువ్వే" అంది.

దాన్ని తప్పు పట్టలేం. మా అక్క కూడా నన్నే తిట్టింది, సముద్రాలు దాటిన పిల్లని కూడా వదలవేంట్రా అని. ఒట్టేసి చెప్పాను. ఒట్లు కూడా నేను ఆటకే వాడుకున్నవాణ్ణి, ఎవరు నమ్ముతారు?

తర్వాత రోజుల్లో ఫోన్లలో నవ్వు తగ్గుతూ వచ్చింది. సాయంత్రమయ్యేసరికి కేక వస్తోంది. మొదట అవతలి ఒడ్డు నుంచి వచ్చేది, ఆ తర్వాత ఏటి మధ్యలోంచి వస్తోందట. స్పీకరు కాదని దానికి అప్పుడు అర్థమైంది. ఆ నది మన పాయంత సన్నగా ఉండదు, అవతలి ఒడ్డున మనిషి గొంతు చించుకున్నా ఇవతలకి వినబడే దూరం కాదు.

గదిలో హాన్‌ని అడిగిందట, నీకేమైనా వినబడుతోందా అని. ఆ పిల్ల, నేను వచ్చిన మొదటి సంవత్సరం నుంచీ వింటున్నాను, నాకు మా భాషలో, చనిపోయిన మా అమ్మమ్మ గొంతుతో వినబడుతుంది అని చెప్పిందట. మా ఊళ్లో నీళ్ల మీంచి పిలిస్తే పలకరు, అందుకే చెవుల్లో పాటలు పెట్టుకుని నడుస్తాను అందట.

మన దగ్గర పలకకపోతే తప్పు. మా పిల్ల పలికేసింది, పేరూ ఊరూ అడక్కుండానే.

ఇంటి ముసలాయనకి కూడా చెప్పింది. ఆయన రిటైరయ్యేదాకా ఆ నది మీద సరుకు పడవల్లో పనిచేశాడు. ఆయన నవ్వలేదట. చెంచా కింద పెట్టి, నువ్వేమన్నావని మాత్రం అడిగాడట. వస్తున్నానన్నానని ఇది చెప్పింది. మర్నాటి నుంచి ఇద్దరు పిల్లల్నీ కారులో తీసుకురావడం మొదలుపెట్టాడు. ఎందుకో చెప్పలేదు.

కారులో తెచ్చినా ఆగలేదు. ఒక సాయంత్రం గదిలో చదువుకుంటున్న పిల్ల, చూసుకునేసరికి గట్టు కింద రాతి మెట్ల మీద నిలబడి ఉంది. బూట్లు తడిసిపోయాయి. హాన్ వెనకనుంచి దాని జడ పట్టుకుని లాగుతోందట. ఇంట్లోంచి ఎప్పుడొచ్చిందో, గట్టు ఎలా దిగిందో దానికి తెలీదు. ఆ కబురు ఏడుస్తూ చెప్పింది. షారోన్ ఏడవడం నేను అదే మొదటిసారి వినడం, చిన్నప్పుడు వేలు ఇంజిన్ బెల్టులో పడినా ఏడవలేదు.

"మావయ్యా, నేను వస్తున్నానని చెప్పాను కదా. వెళ్లకపోతే ఎలా?" అంది.

అది మా ఇంటి మాటే, కాదనలేకపోయాను.

అక్క వెంటనే వెనక్కి వచ్చేయమంది. పిల్ల రానంది. మధ్యలో వచ్చేస్తే అక్కడి సంవత్సరం పోతుంది, ఇక్కడ ఇంటర్‌లో చేరే సమయమూ దాటిపోయింది, ఆ స్కూలు మళ్లీ తీసుకుంటుందో లేదో. బావ కువైట్ నుంచి ఒకటే ఫోన్లు. ఇక్కడ మా పాస్టరు గారు ప్రార్థన చేశారు, అక్కడ స్కూలు ఫాదరు గారు చేశారు. పిల్ల కోసం లూథరన్లూ కేథలిక్కులూ ఏకమవడం నా జీవితంలో అప్పుడే చూశాను. ఆ సాయంత్రం కూడా కేక వచ్చింది. ఈసారి కిటికీ కిందనుంచి వచ్చిందట.

నేను ఆ రోజంతా పడవలో ఒక్క జోకు వెయ్యలేదు. ఒంట్లో బాలేదా అండీ అని అందరూ అడిగారు.

తాత చెప్పిన దాన్లో రెండో సగం గుర్తొచ్చింది. వస్తున్నా అన్నాక వెళ్లి తీరాలి. ఎవరు వెళ్లాలో మాత్రం తాత చెప్పలేదు. ఇంట్లో ఒకరు మాటిస్తే ఇంకొకరు పడవ తీసిన రోజులు బోలెడు. నాన్నకి జ్వరమొస్తే నేను వెళ్లేవాణ్ణి. కేకేసినవాడికి పడవ కావాలి గానీ, ఎవరు తోలితే ఏంటి?

ఇది ఎవరికీ చెప్పలేదు. అక్కకి చెబితే నా మాట మళ్లీ ఆటే అనుకుంటుంది. మర్నాడు తెల్లవారాక, కూలీలు రేవుకి రాకముందే, ఫోను ఇంట్లో చార్జింగులో వదిలేసి ఖాళీ పడవ తీశాను.

నాకు నేనే పిచ్చివాడిలా కనిపించాను. అవతలి రేవులో ఎవరూ లేరు. ఇసుక మీద కొంగ ఒకటి నిలబడి ఉంది. పడవ ఇసుకకి ఆనించి, ఇంజిన్ ఆపి, అలవాటుగా అడిగాను.

"ఎవరండీ? ఏ ఊరండీ?"

కొంగ ఎగిరిపోయింది.

"మా అమ్మాయి వస్తానంది. వచ్చానండి, ఎక్కండి" అన్నాను.

పడవ ముందువైపు దిగింది. మనిషి కాలు పెడితే ఎలా దిగుతుందో అలాగే. తర్వాత మధ్యకి కుదురుకుంది. ఇన్నేళ్లుగా నడుపుతున్న పడవ, ఎవరు ఎక్కినా చూడకుండా చెప్పగలను. మనిషి ఎక్కాడు. బరువైన మనిషి.

నేను వెనక్కి చూడకుండా, అంటే తోలేవాణ్ణి పడవ వెనక కూర్చుంటాను కాబట్టి ముందుకి చూడకుండా, నీళ్లకేసి చూస్తూ తోలాను. మా ఇంజిన్‌కి ఒక రోగముంది, నిండుగా బరువున్నప్పుడు మధ్యమధ్యలో దగ్గుతుంది. ఖాళీ పడవకి ఎప్పుడూ దగ్గదు. ఆరోజు ఏరు దాటేదాకా దగ్గుతూనే ఉంది.

మా రేవులో చేపల సత్తెమ్మ లంకకి వెళ్లడానికి బుట్టతో నిలబడి ఉంది. పడవ ఆనగానే బుట్ట పక్కకి లాక్కుని, దిగేవాళ్లకి దారిచ్చే మనిషిలా ఒదిగి నిలబడింది. పడవ తేలికై పైకి లేచింది. సత్తెమ్మ గట్టుకేసి కాసేపు చూసి నా వైపు తిరిగింది.

"ఆ దిగినాయన అంతలా తడిసిపోయాడేంటండీ?" అంది.

ఎవరో కొత్తాయన అన్నాను. గట్టుకేసి చూడకుండా బుట్ట అందుకుని పడవలో పెట్టాను, ఆ కంగారులో రెండు చేపలు నీళ్లలో పడ్డాయి. ఆ చేపల కోసం నన్ను లంకదాకా తిట్టింది.

ఇంటికి వెళ్లేసరికి షారోన్ నుంచి మిస్డ్ కాల్స్ ఉన్నాయి. నేను నోరు తెరవకముందే తనే చెప్పింది. కిటికీ కింద కేక వినబడుతుండగా ఏట్లో పడవ ఇంజిన్ చప్పుడు వచ్చిందట. ఆ నదిలో అలాంటి ఇంజిన్ తనెప్పుడూ వినలేదట.

"నీ ఇంజిన్‌లాగే దగ్గుతోంది మావయ్యా" అంది.

ఆ చప్పుడు దూరమైపోయాక కేక ఆగిపోయింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు. హాన్ కూడా ఇప్పుడు పాటలు పెట్టుకోకుండా గట్టు మీద నడుస్తోందట. షారోన్ పై తరగతికి వెళ్లింది, ఈమధ్య స్కూలు పూజలో పాడే గాయక బృందంలో కూడా చేరింది. మా అమ్మకి ఇంకా చెప్పలేదు.

సత్తెమ్మ ఆ తడిసిన మనిషి సంగతి ఊరంతా చెప్పింది. ఎవరూ నమ్మలేదు, నేనే ఆమెకి నేర్పించానన్నారు. నా పేరు ఆమెని అబద్ధాలకోరుని చేసింది, అందుకు బాధగానే ఉంది.

అది ఏంటో నాకు తెలీదు. మా పిల్లని తెలుగులో, హాన్‌ని వాళ్ల భాషలో ఎలా పిలిచిందో తెలీదు. అమెరికా ఏట్లో నిలబడ్డవాడు మా లంక రేవులో ఎలా ఎక్కాడో అసలే తెలీదు. చదువుకున్నవాళ్లని అడిగితే నాకు నిద్ర చాలడం లేదన్నారు. కావచ్చు.

నాకు తెలిసింది ఒక్కటే. నా పడవలో ఈ ఒడ్డున దిగినవాళ్లు ఏదో ఒక రోజు తిరిగి వెళ్లడానికి రేవుకి వస్తారు, ఎక్కేటప్పుడు ముఖం చూసి గుర్తుపడతాను. ఆయన ముఖం నేను చూడలేదు. అందుకని ఇప్పుడు ఎక్కే ప్రతివాళ్లనీ, రోజూ ఎక్కే టీచర్లని కూడా, పేరూ ఊరూ అడుగుతున్నాను. అందరూ నవ్వుతూ చెబుతున్నారు.

ఆయన ఇంకా తిరిగి ఎక్కలేదు. ఈ గట్టునే ఎక్కడో ఉన్నాడు.