అత్త సబ్బు, జేజి కొలత

మా జేజిది, అంటే నాయన తల్లిది, ఎముకలేని చెయ్యి అని ఆళ్లగడ్డలో పేరు. కూలోళ్లకు జొన్నలు కొలిచినా, గుడికి కానుక కొలిచినా కొలిచే పడి గిన్నె మీద గోపురం లేచేదాకా పోసేది. పైన చేత్తో చదును చేస్తే ఇంటికి కీడని ఆమె నమ్మకం. చెయ్యి పెద్దదే, కాదనను. మనసు మాత్రం ఆవగింజంత. ఆ సంగతి కూలోళ్లకు తెలియదు, కన్నకూతురికి తెలుసు.

ఆ కూతురే మా మేనత్త. సంజామలలో మొగుడు గొడ్డును బాదినట్టు బాదుతుంటే ఓర్చుకోలేక మా ఇంటికి వచ్చేసింది. డెబ్బైలలో మొగుణ్ణి వదిలి పుట్టింటికి చేరిన ఆడదంటే ఎవరికి మర్యాద? నంద్యాలలో గుడి తరఫున ఆడవాళ్లకు సబ్బులు చేయడం నేర్పుతున్నారని విని, పోయి నేర్చుకొని వచ్చింది. మా నాయన తెగేసి చెప్పాడు. సబ్బు కుదిరితే నంద్యాలలో గది చూసిపెడతాడు, చేసుకొని బతకొచ్చు. కుదరకపోతే మళ్లీ సంజామలే.

మొదటి దఫా కుదరలేదు. అత్త కాస్టిక్ సోడాను నీళ్లలో కరిగించి, చల్లార్చి, శెనగనూనెలో పోసి చెయ్యి పడిపోయేదాకా కలిపింది. చెక్కపెట్టెలో పోస్తే సంగటి మాదిరి మెత్తగా కూర్చుంది. పైన నూనె తేలింది. శెనగనూనె సబ్బు గట్టిపడడానికి చాలా రోజులు పడుతుందని అత్త మొత్తుకుంది. జేజి వింటే కదా! పీనాసి కొలత కొలిస్తే సబ్బయినా సంసారమయినా ఇంతేనంది. అత్త నేర్చుకొచ్చిన కొలత, అంచుకు సమానంగా ఒక గ్లాసు సోడా. రెండో దఫా ఆ గ్లాసు జేజి లాక్కుంది. అణిచి అణిచి, గోపురం కట్టి పోసింది. అత్త అడ్డం పోతే మోచేత్తో నెట్టేసింది.

ఈసారి సబ్బు రాయిలా గట్టిపడింది. తెల్లగా, చూడముచ్చటగా ఉంది. జేజి వీధంతా తిప్పి చూపించి వచ్చింది. అత్త మాత్రం ఒక ముక్కను నాలుకకు తాకించి ఉమ్మేసింది. నాలుక చురుక్కుమంటే సోడా ఎక్కువైనట్టని నంద్యాలలో చెప్పారట.

“ఇది ఒంటికి పనికిరాదమ్మా. తురిమి, ఇంకా నూనె పోసి మళ్లీ ఉడకబెట్టాల,” అంది అత్త.

“నా చేతికే వంకలు పెడతాండావా? ఇంట్లో గుడ్డలన్నీ దీంతోనే ఉతుకు, పో,” అంది జేజి.

ఉతికింది. సాయంత్రానికి అరచేతులు ఎర్రగా ఉడికిపోయి, వేళ్ల సందుల్లో తోలు లేచింది. జేజి అయ్యో అనలేదు. దీనికి సబ్బు చేయడం చేతకాదని నాయనతో చెప్పింది. సోడా పోసింది జేజేనని నేను నోరు తెరిచాను. నాయన నా చెంప పగలగొట్టాడు. ఆ ముసలిదాని మీద నాకు ఇప్పటికీ కోపమే. చచ్చిపోయింది కదా అని తగ్గించుకోను.

మర్నాడు నాయన అత్తను సంజామల బస్సెక్కించడానికి బయల్దేరాడు. చేతులకు గుడ్డలు చుట్టుకున్న అత్త ఆ సబ్బులు కొన్ని తీసి సంచిలో వేసుకుంది.

“అవి నీకెందుకుమే?” అంది జేజి.

“ఆయప్ప వీపు రుద్దాల గదమ్మా.”

నెల తిరగకముందే ఆ మామ తానే అత్తను తెచ్చి మా గడపలో దింపాడు. ఒంటి మీద చొక్కా నిలవక పలుచటి పంచె కప్పుకున్నాడు. ఈ దయ్యం తనకొద్దని, మళ్లీ పంపితే బావిలో తోస్తానని చెప్పి పోయాడు. నేను పెరట్లోకి పోయి కడుపు నొచ్చేదాకా నవ్వాను. ఇక పంపడానికి ఊరు లేక, నాయన నోరు మూసుకొని నంద్యాలలో గది చూశాడు.

ఎనభైలకల్లా అత్త సబ్బులకు నంద్యాలలో మంచి గిరాకీ వచ్చింది. సోడాను తక్కెడలో తానే తూచేది, ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు. ఒకసారి నన్ను వెంటబెట్టుకొని జేజి అత్తను చూడ్డానికి పోయింది. కాళ్లు కడుక్కోమని అత్త చెంబుతో నీళ్లిచ్చి, కొత్త సబ్బు చేతిలో పెట్టింది.

“బాగా రుద్దుకోమ్మా. నీ కొలతతోనే చేసినా.”

జేజి సబ్బును గడప మీద పెట్టి, వట్టి నీళ్లతో కాళ్లు కడుక్కుంది.